మొహమ్మద్ సలీం: వట్టి కాళ్లతో గ్లాస్గోను మెప్పించిన గార్డెన్ రీచ్ ఫుట్‌బాలర్

1936 జులై. బెర్లిన్ ఒలింపిక్స్‌కు బయల్దేరిన చైనా ఫుట్‌బాల్ జట్టు కలకత్తాలో ఆగింది. ప్రయాణానికి సరిపడా ధనం చేతిలో లేక, ఆ జట్టు ఆగ్నేయాసియా నగరాల్లో రేవు రేవునా దిగి, మ్యాచ్‌లు ఆడి, టికెట్ల డబ్బు పోగుచేసుకుంటూ పడమటి దిక్కుగా సాగుతోంది. కలకత్తాలో భారత జట్టుతో రెండు ప్రదర్శన మ్యాచ్‌ల సిరీస్ ఏర్పాటైంది. మొదటి మ్యాచ్‌లో భారత జట్టు తరఫున ముప్పై దాటిన ఒక వింగర్ పాదాలకు గుడ్డపట్టీలు మాత్రమే చుట్టుకుని బరిలోకి దిగారు. ఆయన ఆటను అతిథులు సైతం మెచ్చుకున్నారు.

రెండో మ్యాచ్ నాటికి ఆ వింగర్ జాడ లేదు. నిర్వాహకులు పోలీసులను ఆశ్రయించారని, మైదానానికి రావలసిందిగా కోరుతూ పత్రికల్లో ప్రకటనలు సైతం వేయించారని చెబుతారు. ఫలితం లేకపోయింది. ఆయన అప్పటికే ఓడ ఎక్కేశారు.

రెండు నెలలైనా తిరగకముందే ఆయన పేరు స్కాట్లాండ్ పత్రికల్లో కనిపించింది. గ్లాస్గో నగరంలోని ప్రఖ్యాత సెల్టిక్ క్లబ్ ఆకుపచ్చ, తెలుపు చారల చొక్కా తొడుక్కుని, అదే వట్టి కాళ్లతో ఆయన అక్కడి ప్రేక్షకుల ఎదుట ఆడారు. భారత ఉపఖండం నుంచి వెళ్లి ఒక ఐరోపా క్లబ్ తరఫున ఆడిన తొలి ఫుట్‌బాలర్‌గా నేడు చరిత్ర గుర్తించే మొహమ్మద్ సలీం ఆయనే.

సలీం పేరు ఎత్తగానే అందరికీ గుర్తుకొచ్చేది గ్లాస్గోయే. కానీ ఆయన జీవితంలో గ్లాస్గో మ్యాచ్‌లు రెండంటే రెండే. అవి కూడా క్లబ్ రెండో జట్టు ఆడినవి. మిగిలిన జీవితమంతా గడిచింది కలకత్తాలో, వానాకాలపు బురద మైదానాల మీద. ఆ ఆటలోని గొప్పదనాన్ని చూడాలంటే ముందు ఆయన పుట్టిన పేటకు వెళ్లాలి.

నవాబు విడిది, ఓడల రేవు

సలీం 1904లో మెటియాబురుజ్‌లో జన్మించారు. హుగ్లీ నది ఒడ్డున, కలకత్తా నగరానికి నైరుతి దిక్కున ఉన్న గార్డెన్ రీచ్‌లో ఇదొక భాగం. ఒకప్పుడు ఐరోపా దొరలు నది వెంబడి కట్టుకున్న తోట బంగళాల వల్ల ఈ ప్రాంతానికి గార్డెన్ రీచ్ అన్న పేరు వచ్చింది. మెటియాబురుజ్ అంటే మట్టి బురుజు.

1856లో ఈస్టిండియా కంపెనీ అవధ్ రాజ్యాన్ని కలిపేసుకున్నాక, పదవి పోయిన నవాబు వాజిద్ అలీ షా ఇక్కడే స్థిరపడ్డారు. 1887లో మరణించే వరకూ ఆయన నివాసం ఇదే. నవాబు వెంట లక్నో నుంచి వంటవారు, గాయకులు, నాట్యకత్తెలు, దర్జీలు, గాలిపటాలు చేసేవారు తరలివచ్చారు. నవాబు కన్నుమూశాక కొలువు చెదిరిపోయింది కానీ ఆ వృత్తులు మిగిలాయి. మెటియాబురుజ్ నేటికీ దర్జీల పేటే.

పక్కనే కిదర్‌పూర్ రేవు, ఓడల నిర్మాణశాల, జనపనార మిల్లులు వెలిశాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే తన ప్రధాన కార్యాలయాన్ని గార్డెన్ రీచ్‌లోనే పెట్టుకుంది. ఈ పేరు ఉత్తరాంధ్ర పాఠకులకు కొత్తేమీ కాదు. ఆ రైల్వేకు వారసురాలైన ఆగ్నేయ రైల్వే కిందనే వాల్తేరు డివిజన్ 2003 వరకూ కొనసాగింది. విశాఖపట్నం రైల్వే ఉద్యోగి బదిలీ కాగితమైనా, పదోన్నతి కాగితమైనా దశాబ్దాల పాటు గార్డెన్ రీచ్ నుంచే రావలసి వచ్చేది.

ఇలాంటి పేటలో ఓడ ఎక్కి దూరదేశం వెళ్లడం వింత విషయం కాదు. రేవు పనివారు, ఓడల మీద కొలువు చేసే లాస్కర్లు వస్తూ పోతూ ఉండేవారు. అయితే వారు వెళ్లేది బొగ్గు ఎత్తడానికో, ఓడ వంటశాలలో పనికో. ఆటగాడిగా ఓడ ఎక్కినవారు అప్పటికి ఎవరూ లేరు.

సలీంది దిగువ మధ్యతరగతి ముస్లిం కుటుంబం. చదువులో ఆయన అంతంతమాత్రం. మందుల తయారీలో శిక్షణ పొందినా మనసంతా బంతి మీదే. ఆయనకు ఏడేళ్ల వయసులో, 1911 జులై 29న, మోహన్ బగాన్ జట్టు ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ను 2-1 గోల్స్‌తో ఓడించింది. బ్రిటిష్ సైనిక జట్టును చిత్తు చేసిన ఆ పదకొండు మందిలో బూట్లు వేసుకున్నది సుధీర్ చటర్జీ ఒక్కరే. మిగిలిన పది మందీ వట్టి కాళ్లతోనే ఆడారు. ఆనాటి కలకత్తా పిల్లలందరిలాగే సలీం కూడా ఆ గెలుపు కథలు వింటూ పెరిగారు.

ఒకే ఆట, రెండు పద్ధతులు

ఆ రోజుల్లో కలకత్తాలో ఫుట్‌బాల్ నియమావళి ఒక్కటే అయినా ఆట మాత్రం రెండు రకాలుగా సాగేది. ఐరోపా జట్లు, సైనిక జట్లు మేకులు కొట్టిన తోలు బూట్లతో ఆడేవి. వారిది ఒడ్డూ పొడవూ, బలం, పొడుగైన తన్నుల మీద ఆధారపడిన ఆట. భారతీయ జట్లు వట్టి కాళ్లతో ఆడేవి. వీరి బలమంతా వేగం, చిన్న చిన్న పాసులు, బంతిని పాదానికి అంటించుకున్నట్టు నడిపించే నేర్పు. నియమావళిలో బూట్లు తప్పనిసరి అని లేదు కనుక రెండు పద్ధతులూ ఒకే మైదానంలో ఎదురుపడేవి. ఒక విధంగా ప్రతి మ్యాచూ రెండు ఆటల కలయికే.

వట్టి కాళ్ల ఆటకు పేదరికమే కారణమనుకుంటే అది సగం నిజమే. బూట్లు ఖరీదైనవి, నిజమే. కానీ బంతి స్పర్శ చర్మానికి తెలుస్తుంటే దాన్ని వేలితో ఆపవచ్చు, మడమతో తిప్పవచ్చు, పాదం అంచుతో గురిచూసి పంపవచ్చు. తోలు బూటు ఆ స్పర్శను దూరం చేస్తుందని ఆటగాళ్లు గట్టిగా నమ్మేవారు. గాయాల నుంచి కొంత రక్షణగా చీలమండకూ పాదానికీ గుడ్డపట్టీ చుట్టుకునేవారు.

చిక్కల్లా వానతోనే. కలకత్తా ఫుట్‌బాల్ సీజన్ వేసవి చివర మొదలై వర్షాకాలమంతా నడుస్తుంది. మైదానం పొడిగా ఉన్న రోజున వట్టి కాళ్ల జట్టుదే పైచేయి. జోరువాన కురిసి నేల బురదైతే పాదం జారుతుంది, తడిసిన తోలు బంతి రాయిలా బరువెక్కుతుంది, బూట్ల మేకులు నేలను పట్టుకుంటాయి. ఆకాశంలో మబ్బు చూసి ఫలితాన్ని ఊహించగల ప్రేక్షకులు మైదాన్ గ్యాలరీల్లో తక్కువేమీ ఉండేవారు కాదు.

మైదానం బయట మరో అడ్డు ఉండేది. కలకత్తా లీగ్ 1898లో మొదలైంది. మొదటి డివిజన్‌లో ఎన్నో ఏళ్ల పాటు రెండు భారతీయ క్లబ్బులకు మించి చోటు ఇవ్వలేదు. ఎంత బాగా ఆడినా మూడో క్లబ్‌కు ప్రవేశం లేదన్న ఆ నిబంధన గట్టి నిరసనల తర్వాత 1920 దశకంలో గానీ తొలగలేదు. ఆ తర్వాత కూడా 1934 వరకూ ఏ భారతీయ క్లబ్బూ ఆ లీగ్ గెలవలేకపోయింది.

సలీం ఆట జీవితం 1926 ప్రాంతంలో బౌబజార్‌లోని చిత్తరంజన్ క్లబ్‌లో మొదలైంది. తర్వాత కొద్దికాలం మొహమ్మదన్ స్పోర్టింగ్ రెండో జట్టులో ఆడారు. క్రీడా నిర్వాహకుడు పంకజ్ గుప్తా ఆయన ప్రతిభను గుర్తించి స్పోర్టింగ్ యూనియన్‌కు తీసుకెళ్లారు. అక్కడ 1931 వరకూ ఉండి, ఈస్ట్ బెంగాల్‌కు, అక్కడి నుంచి ఆర్యన్ క్లబ్‌కు మారారు. ముప్పయ్యో ఏట, 1934లో, తిరిగి మొహమ్మదన్ స్పోర్టింగ్‌కు వచ్చారు. ఫుట్‌బాలర్‌కు అది మలిసంధ్య లాంటి వయసు. సలీం వెలుగు మాత్రం అప్పుడే మొదలైంది.

అయిదు వరుస విజయాలు

1891లో స్థాపితమైన మొహమ్మదన్ స్పోర్టింగ్ 1934లో మొదటి డివిజన్‌కు చేరుతూనే లీగ్ విజేతగా నిలిచింది. మొదటి డివిజన్ గెలిచిన తొలి భారతీయ క్లబ్ అదే. ఆ ఏడు మొదలు 1938 వరకూ వరుసగా అయిదుసార్లు ఆ జట్టే గెలిచింది. 1936లో లీగ్‌తో పాటు ఐఎఫ్ఏ షీల్డ్‌నూ అందుకుంది. అంతకుముందు ఏ భారతీయ క్లబ్బూ ఒకే ఏడాదిలో ఈ రెంటినీ గెలవలేదు.

ఈ విజయపరంపర వెనుక పకడ్బందీ ఆలోచన ఉంది. క్లబ్ వారు బెంగాల్‌కే పరిమితం కాకుండా బెంగళూరు నుంచి, వాయవ్య సరిహద్దుల నుంచి ఆటగాళ్లను రప్పించారు. అంతకన్నా ముఖ్యమైనది, తడిసిన మైదానం మీద బూట్లు వేసుకుని ఆడటం తమవారికి అలవాటు చేశారు. పొడి నేల మీద వట్టి కాళ్లు, బురదలో బూట్లు. రెండు పద్ధతుల్లోని మేలునూ ఒకే జట్టు అందిపుచ్చుకున్న ఫలితం అది. ఇంత సులువైన కిటుకు అంతకుముందు ఎవరికీ తట్టకపోవడమే ఆశ్చర్యం.

ఈ గెలుపుల ప్రభావం ఆట దాటి విస్తరించింది. బెంగాల్ ముస్లింలు మొహమ్మదన్ విజయాలను తమ గౌరవంగా భావించారు. మ్యాచ్ రోజున దూరప్రాంతాల నుంచి సైతం జనం కలకత్తాకు తరలివచ్చేవారు. లీగ్‌ను ఏలిన తెల్లజట్ల ఆధిపత్యం కూలడం చూసి ఇతర మతాలవారూ సంతోషించారు. అయితే మైదానంలోని పోటీకి మత రాజకీయాల రంగు అంటుకోవడం మొదలైంది కూడా ఆ దశకంలోనే.

ఆగిపోయిన సిరీస్, సాగిన ప్రయాణం

1930లలో భారత ఫుట్‌బాల్ నిర్వాహకులు విదేశీ జట్లతో సిరీస్‌ల మీద దృష్టి పెట్టారు. 1933లో సిలోన్‌కు, 1934లో దక్షిణాఫ్రికాకు జట్లు వెళ్లివచ్చాయి. 1936లో చైనా జట్టు రాక ఆ వరుసలోదే. ఆ జట్టు నాయకుడు హాంకాంగ్‌లో పుట్టిన లీ వై టాంగ్. అప్పటికే ఆసియా అంతటా మోగిపోతున్న పేరది. అటువంటి జట్టుతో ఆడే అవకాశం ఏ ఆటగాడికైనా వరమే.

తొలి మ్యాచ్ చూసిన ప్రేక్షకుల్లో సలీం బంధువు హషీం ఒకరు. ఇంగ్లండ్‌లో నివసించే హషీం అప్పుడు కలకత్తా వచ్చి ఉన్నారు. సలీం ఆట చూశాక, ఐరోపాలో అదృష్టం పరీక్షించుకోవాలని ఆయన పట్టుబట్టారు. సలీం ఒప్పుకున్నారు. రెండో మ్యాచ్ కోసం ఆగలేదు. క్రీడా చరిత్రకారుడు బొరియా మజుందార్ నమోదు చేసిన కథనం ప్రకారం, వారిద్దరూ కైరోలో కొద్దిరోజులు గడిపి బ్రిటన్ చేరారు.

దేశం తరఫున ఆడవలసిన మ్యాచ్‌ను వదిలి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోవడాన్ని ఎలా చూడాలి? అది బాధ్యతారాహిత్యమేనని అనేవారి మాట కొట్టిపారేయదగినది కాదు. అయితే నాటి భారత ఆటగాళ్లకు ఆట జీతం పెట్టే వృత్తి కాదన్నది గుర్తుంచుకోవాలి. ముప్పై రెండేళ్ల ఆటగాడికి అలాంటి అవకాశం మరోసారి తలుపు తట్టదు. ఓడ సమయం మ్యాచ్ కోసం ఆగదు.

చైనా జట్టు తన దారిన బెర్లిన్ చేరి, ఆగస్టు 6న బ్రిటన్ జట్టు చేతిలో 0-2తో ఓడి ఒలింపిక్స్ నుంచి వైదొలగింది. వారితో ఆట సగంలో విడిచిన సలీం అదే నెలలో గ్లాస్గోలోని సెల్టిక్ పార్క్ గేటు ముందు నిలబడ్డారు.

గ్లాస్గో సాయంత్రాలు

ఐరిష్ వలసదారుల పేదపిల్లలకు అన్నం పెట్టేందుకు నిధులు సేకరించాలని బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే మత గురువు చొరవతో పుట్టిన క్లబ్ సెల్టిక్. 1936 నాటికి స్కాట్లాండ్ లీగ్ విజేత. 1897 నుంచి దాని మేనేజర్‌గా ఉన్న విల్లీ మేలీ కఠినుడిగా పేరుపొందారు. భారతదేశం నుంచి గొప్ప ఆటగాడు వచ్చాడని, పరీక్షించి చూడమని హషీం ఆయన్ను కోరారు. బూట్లు లేకుండా ఆడే ఔత్సాహికుడు తమ వృత్తి ఆటగాళ్ల ముందు ఎలా నిలుస్తాడని మేలీ సందేహించారు. అయినా అవకాశం ఇచ్చారు. క్లబ్ సభ్యులు, శిక్షకుల సమక్షంలో సలీం బంతితో తన విద్య ప్రదర్శించారు. ఆ పరీక్షతో సందేహాలు తీరాయి.

నాటి ఛాయాచిత్రం ఒకటి నేటికీ ప్రచారంలో ఉంది. సెల్టిక్ చొక్కా వేసుకుని సలీం కూర్చుని ఉండగా, క్లబ్ శిక్షకుడు జిమ్మీ మెక్‌మెనమీ ఆయన పాదానికి పట్టీ చుడుతున్నారు. మెక్‌మెనమీ స్వయంగా స్కాట్లాండ్ ఫుట్‌బాల్ దిగ్గజాల్లో ఒకరు. వలస రాజ్యం నుంచి వచ్చిన ఒక సామాన్యుడి కాలిని సామ్రాజ్యపు రెండో మహానగరంలో అంతటి ఆటగాడు చేతిలోకి తీసుకున్న దృశ్యం 1936లో చాలామంది ఊహకు అందనిది.

సలీం ఆడిన రెండు మ్యాచ్‌లలోనూ సెల్టిక్ రెండో జట్టుదే గెలుపు. హామిల్టన్ మీద 5-1, ఆగస్టు 28 శుక్రవారం సాయంత్రం గాల్‌స్టన్ మీద 7-1.

గాల్‌స్టన్ మ్యాచ్ మర్నాడు స్కాటిష్ డైలీ ఎక్స్‌ప్రెస్ పత్రిక ఆయన్ను భారతీయ గారడీవాడిగా వర్ణిస్తూ వార్త ప్రచురించింది. బొటనవేలి మీద బంతిని నిలిపి, వేళ్ల మీదుగా చిటికెనవేలి దాకా దొర్లించి, ఎదుటి ఆటగాణ్ని చుట్టివచ్చి, గోల్ ముందున్న సహచరుడికి అందించే తీరును ఆ పత్రిక అబ్బురంగా వివరించింది. ఏడు గోల్స్‌లో మూడు ఆయన కదలికల నుంచి పుట్టినవేనని లెక్క చెప్పింది. పెనాల్టీ తన్నమని అడిగితే సిగ్గుపడి తప్పుకున్నారని, ఇంగ్లీషు రానందున హషీం దుబాసీగా వ్యవహరించారని కూడా రాసింది. బంధువు హషీంను సోదరుడని పేర్కొంది.

గ్లాస్గో అబ్జర్వర్ అనే మరో పత్రిక ఆయన పేరును అబ్దుల్ సలీం అని అచ్చువేసింది. పేరు తప్పినా ఆటను మాత్రం సరిగానే చూసింది. బంతి ఆయన పంపదలచిన చోటికి అంగుళం తేడా లేకుండా చేరిందని, గోల్ ముందుకు ఆయన కొట్టిన క్రాస్‌లు తల ఆనిస్తే చాలన్నంత కచ్చితంగా ఉన్నాయని మెచ్చుకుంది. ఈ రెండు వార్తల్లో రెండోదే విలువైనది. సర్కస్ డేరాల్లో భారతీయ గారడీవారిని చూడటం బ్రిటన్ ప్రజలకు అలవాటు. మొదటి వార్త సలీంను ఆ డేరాలోకే తోసింది. రెండోది ఆయన్ను ఫుట్‌బాలర్‌గా చూసింది.

కథలో నిలవని లెక్క

సీజన్ పూర్తిగా తమతోనే ఉండమని సెల్టిక్ కోరినా సలీం మనసు నిలవలేదు. ఇంటి మీద బెంగ పట్టుకుంది. భాష రాని ఊరు, చలి, పరాయి తిండి, వెంట ఒకే ఒక్క బంధువు. జర్మనీ నుంచి వృత్తి ఆటగాడిగా పిలుపు వచ్చినా కాదన్నారని ఆయన కుటుంబం చెప్పేది.

ఆయన్ను ఆపేందుకు సెల్టిక్ ఒక సహాయార్థ మ్యాచ్ ఏర్పాటు చేసి, వసూళ్లలో అయిదు శాతం ఇస్తామన్నదని ప్రచారంలో ఉంది. అయిదు శాతం అంటే ఎంతో తెలియని సలీం, మ్యాచ్‌కు అతిథులుగా వచ్చే అనాథ పిల్లలకు ఆ సొమ్ము ఇచ్చేయమన్నారట. తీరా లెక్క చూస్తే అది 1,800 పౌండ్లయిందని, నిర్ఘాంతపోయినా ఆయన మాట తప్పలేదని కథ ముగుస్తుంది.

దశాబ్దాలుగా వ్యాసం నుంచి వ్యాసానికి పాకుతున్న ఈ అంకె మాత్రం పరీక్షకు నిలిచేది కాదు. అయిదు శాతం 1,800 పౌండ్లయితే మొత్తం వసూళ్లు 36,000 పౌండ్లు కావాలి. పౌండుకు 20 షిల్లింగులు. సాధారణ టికెట్ ఒక షిల్లింగ్ ఉన్న ఆ కాలంలో అంత సొమ్ము రావాలంటే 7 లక్షల 20 వేల మంది టికెట్ కొనాలి. సెల్టిక్ పార్క్‌లో లక్ష మందికి కూడా చోటు లేదు. ఏ నోటనో అంకె పెరిగిపోయిందన్నది స్పష్టం. పేదపిల్లల ఆకలి తీర్చేందుకే పుట్టిన క్లబ్‌లో, వచ్చిన సొమ్ము అనాథలకు ఇవ్వమనడం అసహజమేమీ కాదు. ఆ దానం గొప్పదనానికి వేల పౌండ్ల అవసరం లేదు.

మళ్లీ బురదలోకి

సలీం కలకత్తాకు, మొహమ్మదన్ స్పోర్టింగ్‌కు తిరిగివచ్చారు. రెండో మ్యాచ్‌కు రాకుండా పోయిన ఆటగాడిని నగరం అక్కున చేర్చుకుంది. 1938లో లీగ్ అయిదోసారి గెలవడంతో ఆ జట్టు స్వర్ణయుగం పూర్తయింది. అదే ఏడాది కరుణా భట్టాచార్య నాయకత్వంలో భారత జట్టు ఆస్ట్రేలియా వెళ్లి అయిదు మ్యాచ్‌ల సిరీస్ ఆడింది. ఒకటి గెలిచి, ఒకటి సమం చేసి, మూడు ఓడింది. బూట్లకూ వట్టి కాళ్లకూ మధ్య దేశాల స్థాయిలో జరిగిన అత్యంత సుదీర్ఘ పోటీల్లో అదొకటి.

వట్టి కాళ్ల ఆటకు ఆ తర్వాత ఎక్కువ ఆయుష్షు లేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఫ్రాన్స్ చేతిలో 1-2తో ఓడినా, ఎక్కువ మంది బూట్లు లేకుండానే ఆడి ప్రేక్షకులను గెలుచుకుంది. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో ఎదురైన 1-10 పరాజయంతో ఆ మురిపెం తీరిపోయింది. ఆపైన అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది.

హెల్సింకీలో ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. బూట్లు తొడిగిన కాళ్లకు పాత పాదాల నేర్పును ఎలా నేర్పాలన్న పని ఆయన మీద పడింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం ఆ కృషి ఫలాలు. ఆ రెండు జట్లలోనూ ఆడిన సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం చివరికి చేరిన క్లబ్ బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టు. సలీం పుట్టిన గార్డెన్ రీచ్‌లోనే దాని మాతృసంస్థ కార్యాలయం.

ఈ మార్పులన్నీ జరుగుతుండగా సలీం మెల్లగా జనం నోట నుంచి తప్పుకున్నారు. గ్లాస్గో ముచ్చట ఇంటివారికి, పాత క్లబ్ మిత్రులకు మాత్రమే తెలిసిన కథగా మిగిలింది. స్వతంత్ర భారతదేశపు ఫుట్‌బాల్ చరిత్రలు ఆయన ప్రస్తావన లేకుండానే చాలాకాలం వెలువడ్డాయి. 1980 నవంబర్ 5న కలకత్తాలో ఆయన కన్నుమూశారు.

చివరి రోజుల్లో సలీం మంచం పట్టినప్పుడు ఆయన కుమారుడు సెల్టిక్ క్లబ్‌కు ఒక ఉత్తరం రాశారు. తండ్రికి జబ్బు చేసిందని, వైద్యానికి సాయం కావాలని అందులో ఉంది. నిజానికి ఆ ఇంటికి సొమ్ము అవసరం లేదు. నలభై ఏళ్ల నాటి ఆ పేరు అక్కడ ఎవరికైనా గుర్తుందో లేదో తెలుసుకోవాలన్నదే కుమారుడి కోరిక. కొంతకాలానికి గ్లాస్గో నుంచి కవరు వచ్చింది. లోపల 100 పౌండ్ల బ్యాంకు డ్రాఫ్టు ఉంది. దాన్ని బ్యాంకులో మార్చుకోలేదు. ఇంట్లోనే దాచుకున్నారు.